మెట్ల కింది కంప్యూటర్

మహబూలాల మా బిల్డింగుకు పదకొండు అంతస్తులు.
ఎవరు ఖాళీ చేసినా హారిస్‌కని ఏదో ఒకటి ఇడిసి పోతరు:
పరుపు, పిల్లగాని బూట్లు, సగమున్న నూనె డబ్బా.
ఏడు వందల నాలుగు వాళ్లు పోయిన తెల్లారి
చెత్త గది ముందు ఒక కంప్యూటర్,
వైర్లు చుట్టి, పైన తువ్వాల కప్పి,
నిద్రపోయిన పిల్లను కూసోబెట్టినట్టు.

మెట్ల కింద నా గది.
మంచమేసినంక మిగిలింది అట్టపెట్టె పట్టేంత జాగ.
ఆ పెట్టె మీదనే పెట్టి మీట వత్తిన.
గుర్రుమని గుర్రుమని, చాయ తాగే సేపటికి
నీలం తెర, తెర మీద వాళ్ల పేరు,
పేరు కింద తెల్ల గడి: పాస్‌వర్డ్.

ఫ్లాటు నంబరు కొట్టిన. కారు నంబరు కొట్టిన.
లిఫ్టుల ఆ చిన్నపిల్ల నాతోని చెప్పిన
తన పుట్టినరోజు తారీఖు కొట్టిన.
తప్పు. తప్పు. తప్పు.
తొమ్మిదేండ్ల సంది ఈ బిల్డింగు తాళాలన్నీ నా నడుముకే,
ఇదొక్కటి లేదు.

జలీబ్‌ల మొబైల్ దుకాణం దస్తగిరిది. రాయచోటి ఆయన.
"విండోస్ ఎందుకబ్బా, ఈ ముసిలి పెట్టె దాన్ని మోయలేదు.
లినక్స్ ఏసుకో. దుడ్లు అడగదు."
వేలంత పెన్‌డ్రైవ్ చేతుల పెట్టిండు.
ఊకెనే వచ్చేటిది ఈ దేశంల
మజీదు గోడ కాడి చల్లనీళ్లే చూసిన నేను.
"రేపెవడన్న వచ్చి పైసలు కట్టమంటే?"
"అడిగేటోడు ల్యాడులే, పో."

ఆ రాత్రి దుమ్ము లేచింది.
తలుపు సందుల తడిబట్ట కుక్కి పెన్‌డ్రైవ్ గుచ్చిన.
నల్ల తెర మీద తెల్లక్షరాలు చీమల బారు లెక్క పైకి పోయినయి.
కరాబు చేసిన్ననుకున్న.
అంతల్నే భాషల పట్టీ.
దిగుకుంట పోతాంటే, తమిళం దాటినంక,
తెలుగు.
తెలుగుల రాసిన తెలుగు.
అకామా అరబ్బీ, ఆస్పత్రి చీటీ అరబ్బీ,
కరెంటు నోటీసు అరబ్బీ, కింద సన్నగ ఇంగ్లీషు.
నీ భాషేందని నన్నడిగింది
చెత్తల దొరికిన మిషిను.

ఎక్కించుకునే ముందు ఉత్తగ చూడొచ్చు అన్నడు దస్తగిరి.
చూసిన. పాత డిస్కు బొమ్మ మీద నొక్కిన.
తెరుచుకున్నది.
ఏ తాళమూ అడగలే.
తలుపుకే కావలి ఉన్నదన్నట్టు, ఇంటికి గోడల్లేవన్నట్టు.
కావలోన్ని, నాకే సిగ్గనిపించింది.

సీవీ ఒకటి. సీవీ రెండు. సీవీ కొత్తది.
సీవీ ఆఖరిది. సీవీ నిజంగ ఆఖరిది.
ఆ సారు పొద్దున పొద్దున టై కట్టుకొని
ఏడికి పోతుండెనో ఇప్పుడు తెలిసింది.
ఇంక ఫోటోలు. కేకు మీద ఏడు మైనపొత్తులు.
సముద్రం కాడ గాలికి ఎగిరిన తల్లి స్కార్ఫు.
కింది హాలుల సైకిలెక్కిన పిల్ల,
వెనక, సగం తెగి, బకిట పట్టుకొని
నేను.
అకామా కార్డు మీద దప్ప
ఈ దేశంల నా మొకం ఇంకో జాగల ఉన్నదని ఎరుకలేదు.

ఎక్కించు అంటే మిషిను అడిగింది:
డిస్కుల ఉన్నదంత చెరపాలె, సరేనా?
బాణం గుర్తు సరే మీద పెట్టి, తీసి,
ఫజర్ అజా అయ్యేదాక కూసున్న.

తెల్లారి రెండు దీనార్లు పెట్టి ఇంకో పెన్‌డ్రైవ్ కొన్న.
వాళ్ల ఇల్లంత అండ్ల సర్దిన.
నేనున్న ఫోటో గూడ తీసుకోలే, వాళ్లదే గద.
ఏడు వందల నాలుగు కొక్కేనికి దారం కట్టి తగిలేసిన.
వాళ్ల నంబరు పనిచేస్తలేదు.
ఎవరన్న అడిగితే ఇస్త.

తర్వాత సరే అన్న.
పావుగంట. గంతే.
పేరేంది అన్నది. సిలువేరి రాజలింగు.
పాస్‌వర్డ్ ఒకటి పెట్టుకోమన్నది. పెట్టుకున్న.
మీకు చెప్ప.

వైఫై మాత్రం పడతలేదు.
శుక్కురారం వస్తనన్నడు దస్తగిరి.
అందాక నీళ్ల ట్యాంకర్ల లెక్క తెలుగుల కొడుతున్న,
ళ ఏడున్నదో దొరుకుత లేదు,
నీల్లు అనే రాస్తున్న.