అన్నభేది

కవరు ఇప్పుడే చింపకండి.
ఇంటికెళ్ళి, పొద్దు వాలాక, కాసిని నీళ్ళు చిలకరించి
బ్లేడుతో అడుగు కోసి
మట్టిగడ్డ విరక్కుండా గోతిలోకి దింపండి.
ఊరు మారిన సంగతి వేరుకి తెలియకూడదండి.

నూరు వరహాలంటారు దీన్ని.
పసుపుది కూడా ఉంది, ఆ వరస చివర.
గులాబిరంగుది నిన్న రాత్రే అబ్బులు లారీలో నాగపూర్ వెళ్ళిపోయింది.
మీరు ఎర్రదే పట్టుకెళ్ళండి, మొండిది.
గోదారి బుర్రిలంక మీదకొచ్చిన ఏడు
మూడ్రోజులు మెడలోతు నీళ్ళలో నిలబడి
నీళ్ళు తీసిన పదో రోజుకి
ఏమీ ఎరగనట్టు మొగ్గేసింది.

మీరు పువ్వంటున్నది గుత్తండి.
మొగ్గలన్నీ గుండుసూదుల్లా నిక్కబొడుచుకుని ఉంటాయి,
విచ్చితే సన్నటి కాడ, నాలుగు రేకలు.
ఓసారి లెక్కపెట్టాను, పనిలో చేరిన కొత్తలో,
అన్నాలవేళ, కేరేజీ మూత పక్కన పెట్టి:
అరవై మూడు.
పక్క గుత్తి డెబ్బై ఒకటి.
ఎన్ని గుత్తులు చూసినా వరహాలు నూరు నిండలేదు.
"మన వారం కూలీ అంతేగా,
నోటితో అన్నది ఒకటి, చేతికొచ్చేది ఒకటి" అని
పేరంటాలత్త పొలమారేలా నవ్వింది.

అంటు కట్టడం నేర్పింది ఆవిడే.
కణుపు కింద ఉంగరమంత బెరడు తీసి
తడినాచు చుట్టి, ప్లాస్టిక్ కాగితం కప్పి
రెండు కొసలూ పురికొసతో బిగించాలి.
నలభై రోజులు దాటాక
కాగితంలోంచి తెల్లగా వేళ్ళు కనపడతాయి, పాలలో సేమ్యాలాగ.
అప్పుడు తల్లి నుంచి కోసెయ్యడమే.
గన్నేరు కోస్తే పాలు కారతాయి, నందివర్ధనం కోసినా అంతే.
దీన్ని కోస్తే ఏమీ కారదు.
చెయ్యి తుడుచుకునే పని కూడా ఉండదు.

ఎండ కావాలండి, బాగా.
నీడలో పెడితే ఆకు నిగనిగలాడుతుంది, మొగ్గ మాత్రం తొడగదు.
గుత్తి వాడాక కిందికి రెండాకుల మేర కత్తిరించండి.
జాలిపడితే ఒక్క కొమ్మే పైకి పోతుంది.

ఇక అసలు మాట.
మీకు బోరు నీళ్ళా? బిందె లోపల తెల్ల చార కడుతుందా?
అయితే ఏడాది తిరక్కుండా లేతాకు పాలిపోతుంది.
ఈనెలు పచ్చగానే ఉంటాయి, మధ్యంతా పసుపు.
దాహమనుకుని మీరు ఇంకో చెంబు పోస్తారు,
ఆకలనుకుని ఎరువేస్తారు.
దానికి తక్కువైంది ఇనుము.
మట్టిలో లేక కాదండి, ఉన్నదాన్ని సున్నం పట్టేసుకుని వదలదు.
ఎరువుల కొట్లో అన్నభేది అడగండి,
లీటరు నీళ్ళకి చెంచాడు, నిమ్మకాయ పిండి,
సాయంత్రం ఆకుల మీద కొట్టండి.

ఆ పసుపు నేను దూరం నుంచే పోల్చగలను.
కిందటేడు నర్సమ్మ వచ్చి
కొబ్బరిపొట్టు గుట్ట పక్కన మమ్మల్ని వరసగా నిలబెట్టి
కింది రెప్పలు లాగి చూసింది.
నా వేలు పొడిచి, ఏడున్నర అంది.
ఎలా నడుస్తున్నావే అంది.
నడిచే చేస్తున్నానండి, ఇరవై రెండేళ్ళుగా,
కుండీ వెనక కుండీ.
టీతో మింగకు, ఒంటికి పట్టనివ్వదు అని
దోసిట్లో ఎర్రబిళ్ళలు పోసింది.

ఆ రాత్రి చాప మీద పరుచుకుని లెక్కపెట్టాను.
సరిగ్గా నూరు.
చెప్పడానికి పేరంటాలత్త లేదు.

డెబ్బై రూపాయలండి. డబ్బు ఆ బల్ల దగ్గర కట్టాలి, నాకు కాదు.
మీ ఇంట్లో పిల్లలుంటే
పువ్వు కాడ లాగి చివర చప్పరించమనండి, తేనె బొట్టుంటుంది.
అయ్యో, అలా కాదండి.
మెడ పట్టుకుని ఎత్తకండి.
అడుగున చెయ్యి పెట్టండి.