నెత్తికి ఎన్ని పేర్లు

ఫుజైరాల మా సెలూను ఓడరేవుకు దగ్గర.
శుక్రారం జుమ్మా అయినంక ఒస్తడు ఎవారిస్తో,
క్రేన్ల ఇంజనీరు, స్పెయిన్ దీవులోడు.
కుర్చీల కూసుంటనే, నేను బట్ట కప్పకముందే,
వేలు మడిచి నెత్తి మీద టక్కుమని కొట్టుకొని
"కోకో" అంటడు.
కోకో అంటె కొబ్బరికాయనట.

మా దిక్కు బుర్ర అంటం అని చెప్పిన.
సొరకాయ ఎండినంక లోపల గింజలు గలగలమంటయి సూడు, గదే.
"కలబాసా!" అని ఎగిరిండు.
వాళ్ళకూ ఉన్నదట, గుమ్మడికాయ.
ఆ ఏడు మేం కూరగాయలతోనే మాట్లాడుకున్నం.
ఆయన మెలోన్ అంటె నేను డిప్ప,
ఆయన తార్రో అని పౌడరు డబ్బా సూపిస్తె
నేను మాడు, పుర్రె, తలకాయ.
అసలు పేరు కబేసా అని
పొయ్యేటప్పుడు తలుపు కాడ చెప్పిండు,
పాస్‌పోర్టుల పేరు చెప్పినట్టు.

ఒకనాడు "అసోతేయా" అన్నడు.
అంటె మిద్దె.
తిక్కలోన్ని సూసి, వాని మిద్దె బాగలేదు అంటరట.
గల్లా కాడ మా ముదీరు అబూ తౌఫీక్,
ఇస్కందరియా ముసలాయన,
తస్బీ ఆపి తలెత్తిండు.
"సత్హ్! ఆ మాట మాది. ఎప్పుడెత్కపోయిన్రో!"
అద్దంల ముగ్గురం నవ్వినం.

ఆ రాత్రి రూము మిద్దె ఎక్కిన.
నీళ్ళ ట్యాంకులు, డిష్షులు, ఎవలదో లుంగి,
ఉప్పుగాలికి బిర్రుగైన బనీను.
నా నెత్తిల గూడ గివ్వే ఉన్నయనిపించింది,
పదకొండేండ్ల సంది ఆరేసి
తీసుకపోనివి.

మొన్న ఒచ్చిండు. శుక్రారం కాదు.
టక్కుమని కొట్టుకోలే.
దవాఖాన కాగితం తీసి వేలు పెట్టి
"కబేసా" అన్నడు.
గుండు చెయ్యమన్నడు. సోమారం ఆపరేషన్.

మా ఎల్లేశం సారువ మీదికెళ్ళి పడ్డప్పుడు
పెట్టె ఎంబడి పోయిన కాగితాన్ని
ఊర్లె సారు తెలుగుల రాసిండు: శిరస్సుకు గాయం.
వాడు బతికున్నన్నాళ్ళు
వానికి శిరస్సు లేకుండె.
నూనె పెట్టని నెత్తి ఉండె.
పేకాటల ఓడితె కొట్టుకునే బుర్ర ఉండె.

కొత్త బ్లేడు ఏసిన. తువ్వాల ఉడుకునీళ్ళల ముంచిన.
చెవెనక ఒక మచ్చ,
ఇన్నేండ్లు వెంట్రుకల కింద నేను సూడనిది.
దాని సుట్టూ కత్తి మెల్లగ తిప్పిన.

అయినంక ఏం చెప్పాల్నో తెల్వక
నడి నెత్తి మీద ఒక్క వేలుతోని కొట్టి
"అసోతేయా. కడిగిన" అన్న.

ఆయన కండ్లు తెరవలే.
"ట్యాంకు కారుతున్నది, హజామ్" అన్నడు.
"సోమారం ప్లంబరు ఒస్తుండు."