కొలువు

బోర్డు మీద కొత్త పేరు రాసిండ్రు నిన్న.
క్వాలిటీ ఇంచార్జి: టి. ప్రణీత్ కుమార్.
పెయింటు ఇంకా ఆరలే.
'ప్ర' కింద ఒక చుక్క కారి
కింది వరుసల ఉన్న నా పేరు దాక దిగింది.

సేటు బామ్మర్ది.
పిలగాడు మంచోడే, అది చెప్పాలె.
నన్ను అన్నా అంటడు,
చాయ్ వస్తే ముందు నాకే అందిస్తడు.
మైక్రోమీటర్‌ను మాత్రం
నల్లా తిప్పినట్టు తిప్పుతడు.

"మనోడే, జర నేర్పు" అన్నడు సేటు.

మనోడు.
బాలానగర్ల ఈ మాటకున్నంత బలం
ఏ హైడ్రాలిక్ ప్రెస్సుకూ లేదు.
డిప్లొమా వంగుతది,
పదహారేండ్ల హాజరు పట్టీ
రేకు లెక్క మడత పడ్తది,
చప్పుడు గూడ రాదు.

నేర్పిన.
వెర్నియర్ చదువుడు నేర్పిన, జీరో చూసుడు నేర్పిన,
రాచెట్ మూడుసార్లు టిక్కుమంటే ఆపాలని నేర్పిన.
ఒక్కటి దాచిన.

లేత్ మీంచి అప్పుడే దిగిన షాఫ్టు
ఒళ్లు కాలుతుంటది.
వేడి మీద ఇనుము ఉబ్బుతది,
ఉన్నదానికంటె లావు చూపిస్తది.
చల్లారినంక కొలువాలె.
ఈ ఒక్క ముచ్చట నాలిక కింద పెట్టుకొని
రెండు వారాలు చాయ్ తాగిన.

సోమవారం
పటాన్‌చెరు నుంచి నలభై రెండు షాఫ్టులు వాపస్.
అన్నీ ఇరవై మైక్రాన్లు సన్నం.
లోపల్లోపల నవ్వుకుంట
క్యాబిన్ తలుపు దిక్కు చూసిన.
తలుపు తెరుసుకుంది.
పిలిచింది ప్రణీత్‌ను కాదు,
నైట్ డ్యూటీల లేత్ నడిపిన మహంతిని.
గంజాం నుంచి వచ్చి మూడు నెల్లు.
తెలుగు రాదు, హిందీ సగం,
ఈ షెడ్డుల ఎవ్వరికీ ఏమీ కాడు.
ఓటీ కట్, వారం జీతం కట్,
రేపట్నించి రావద్దు.

వాడు లాకర్ల నుంచి
టిఫిన్ డబ్బా, దువ్వెన, జగన్నాథుని ఫోటో
సంచిల పెట్టుకుంటుంటే
నేను చేతులు తుడుచుకుంటనే ఉన్న,
నూనె లేని చేతులు.

ఒకటి ఒప్పుకోవాలె ఇప్పుడు.
రెండువేల తొమ్మిదిల
మా మేనమామ పెద్ద సేటు కారు నడిపెటోడు.
నర్సాపూర్ చౌరస్తా సిగ్నల్ కాడ,
అద్దంల ఆయన మొఖం చూసుకుంట
నా ముచ్చట తీసిండట.
సిగ్నల్ పచ్చగ అయ్యేటాళ్లకు
నా పని అయిపోయింది.
కొలువొచ్చిందంటే
నన్ను కొలిచి ఇచ్చిండ్రనే అనుకున్న.
ఆ కుర్చీ పక్కన పదకొండేండ్లు నిలవడి ఉన్నది
జహీరుద్దీన్ భాయ్.
అప్పుడు మనోణ్ణి నేనే.
ఆ మాట నా మీద పడ్డనాడు
అత్తరు పూసినట్టే ఉండె, అబద్ధమెందుకు.

మొదటి రోజు, మొదటి గంట,
జహీర్ భాయ్ నా అరచేతిల
వేడి షాఫ్టు ఒకటి పెట్టిండు.
ఉలిక్కిపడి జారవిడిచిన.
నవ్విండు.
తనే వంగి ఏరి, టేబుల్ మీద పండవెట్టి
"ఠండా హోనే దో బేటా,
గరం లోహా ఝూట్ బోల్తా" అన్నడు.
దాచుకునేటందుకు ఆయనకున్నంత కారణం
నాకు సగం గూడ లేకుండె.

ఇయ్యాల పొద్దున
ప్రణీత్ షాఫ్టు అందుకున్నడు,
మైక్రోమీటర్ నోరు తెరిచిండు.
మణికట్టు పట్టుకొని ఆపిన.
"చల్లారనీయ్" అన్న.
"ఎందుకన్నా?" అన్నడు.
చెప్పిన. కాయితం మీద లెక్క గూడ వేసి చూపిచ్చిన.
"ముందే చెప్తే అయిపోవు గదా" అన్నడు,
కోపం లేకుండనే.

షాఫ్టు మీద సన్నటి ఆవిరి లేస్తుంది.
ఇద్దరం నిలవడి చూస్తున్నం.
అవుతల లేత్ కాడ కొత్త పిలగాడు.
పేరింకా అడుగలే.