అరవై ఒకటో సెకను

కాశీనగర్ సంతలో చింతపండు గంపల వెనక
గోనె పరిచి నన్ను కూర్చోబెట్టింది పొట్నూరు ఉర్వశమ్మ.
వయసు అరవై నాలుగో, అరవై ఏడో.
బడి, సున్నా.
జబ్బులు? "మోకాలు తప్ప ఏటీ నేదమ్మా."

నాకు కావలసింది అదే, జబ్బు లేని మనిషి.
మతిమరుపు ఎక్కడ మొదలౌతుందో చెప్పాలంటే
మతి ఎంత పొడుగో ముందు కొలవాలి కదా.
సంచిలో ఉన్న పట్టిక స్పానిష్ మాట్లాడేవాళ్లది.
ఈ వయసుకి ఇన్ని మాటలు, ఈ చదువుకి ఇన్ని,
ఏ సముద్రం ఒడ్డునో కూర్చుని ఎవరో ఓపిగ్గా నింపినవి.
మన గళ్లు ఖాళీ.

"ఒక్క నిమిషం. తెలిసిన జంతువులన్నీ చెప్పమ్మా."
గడియారం నొక్కాను.

ఆవు. గేదె. మేక. గొర్రి.
మల్లి, ధవళి, కొమ్మిరిగిన సుక్క.
సొంత పేర్లు చెల్లవు, కొట్టేశాను.
నక్క. ఎలుగ్గొడ్డు.
గాయి, ఛెళి, ఘుషురి.
ఒరియాలో ఆవూ మేకా మళ్లీ వచ్చాయి, పంది ఒక్కటే కొత్తది.
కిన్సోడ్.
అది కొండమీది సవరోళ్ల కుక్క.
చింతపండుతోపాటు మాటల్ని కూడా దింపి పోతారు వాళ్లు.
పురుగు.

"పురుగా?"
"పొడుగు పురుగమ్మా. పేరెత్తితే వొస్తాది."

తర్వాత పన్నెండు సెకన్లు ఏమీ లేదు.
నిరుడు మొక్కజొన్నంతా తొక్కేసిన బాబుకి
కొండకేసి తిరిగి దండం పెట్టింది.
ఏనుగు అనలేదు.
దండానికి నా కాగితంలో గడి లేదు.

గడియారం కీచుమంది.
ఎనిమిది. పురుగుని పామని ఒప్పుకుంటే తొమ్మిది.

ఈలోగా బేరగాడొకడు వచ్చాడు.
ఒరియాలో తిట్టి, తెలుగులో లెక్కగట్టి,
పక్క గంప సవర ముసిలాయన్ని వాళ్ల మాటలో సాక్ష్యం అడిగి,
చిల్లర విసిరి, నావైపు తిరిగింది:
"ముంగిస!"

"టైమైపోయిందమ్మా."
"ముంగిసకి టైమేటి?"

బస్సు కదిలాక కూడా వెనకనుంచి వినబడింది,
ఉడుమూ... అని,
ఇంకోటేదో, హారన్‌లో కలిసిపోయింది.
అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను, చెల్లదని తెలిసే.

వంశధార వంతెన మీద
నాకు నేనే గడియారం నొక్కుకున్నాను.
ఆవు, గేదె, పులి, సింహం, గబగబా.
పద్దెనిమిదోది జిరాఫీ.
ఎన్నడూ చూసింది లేదు, మూడో తరగతి పుస్తకంలో తప్ప.
దానికి నాకొక మార్కు.