వానూరు జట్టు

శనివారం సంతలో, పాత బట్టల మూటలో
అరవై రూపాయలకు దొరికింది ఆ చొక్కా.
ఊదా రంగు, తెల్ల చారలు, వీపున అయిదు.
కాలరు లోపల ఎవరో పెన్నుతో రాసుకున్న పేరు
సగం ఉతుకుల్లో పోయింది.

నిండు చేతులు, రాత్రి కాపలాలో దోమలకు పనికొస్తుందని తొడిగినా.
సెల్లు షాపు బాబావలి గుండె మీది గుర్తు చూసి
ఫోన్లో వెతికి చెప్పినాడు:
స్కాట్లాండంట. సముద్రం పక్కన చిన్న ఊరంట.
కింది డివిజన్లో, అందులోనూ అడుగున.
ఊరి పేరు మాకు నోరు తిరగలా.
బొమ్మల్లో ఎప్పుడు చూసినా వానే.
"వానూరనుకోండి" అంది వన్నూరమ్మ, మిల్లు ఊడుస్తా.
ఆ పేరే నిలిచింది.

కళ్యాణదుర్గంలో, అనంతపురం రోడ్డు పక్కన
శెనక్కాయల మిల్లు మాది. అంటే, కాపలా నాది.
శనివారం ఏడున్నరకు గోతాల మీద కూర్చుంటాం.
ఆట కనపడదు. అంకెలు కనపడతాయి.
సున్నా సున్నా. చాలాసేపు సున్నా సున్నా.
ఉన్నట్టుండి ఒక సున్నా ఒకటవుతుంది,
అది మనది కాదు.

ఆగస్టంతా ఓడినారు.
ఆషాఢంలో ఒకే పదునుకు విత్తి కూర్చున్నా నేను.
మోడం వచ్చేది, చూసేది, పొయ్యేది.
సెప్టెంబరుకు చెట్లు ఊడలు దించినాయి,
నేల రాయైతే ఊడ మొన యాడ దిగుతాది?
ఆ శనివారమే ఫోన్లో అంకెల చోట ఒక వాక్యం.
బాబావలి రెండుసార్లు చదివినాడు:
మైదానంలో నీళ్లు నిలిచినాయంట, ఆట వాయిదా.
ఎవరం మాట్లాడలేదు.
హమాలీ ఓబులేసు బీడీ ఆర్పి
"ఒక్క పదును అరువిస్తే ఏంబోయె వాళ్లకు" అన్నాడు.

కార్తీకంలో ఆట గంట ఆలస్యమైంది.
చలికాలమొస్తే వాళ్లు గడియారాన్నే వెనక్కి తిప్పుతారంట.
ఆ విద్య మా బ్యాంకు మేనేజరుకు తెలిసుంటే!
ఎకరాకు రెండు మూటలు.
నా కాయలు నేనే తూకం వేయించి,
రాత్రికి వాటికి నేనే కాపలా కాసినా.

జనవరిలో, గోల్సు కొట్టే పిల్లోణ్ని అమ్ముకున్నారు.
"ఉన్న ఒక్కణ్నీ అమ్ముతారా?" ఓబులేసుకు కోపం.
నేనేమీ అనలా.
పోయినేడు గిత్తల జతను సంతకు తోలినప్పుడు
నన్నూ ఇట్లే అడిగినారు.

ఒక్కసారి నాలుగు ఒకటి. మనమే నాలుగు!
బాబావలి బొరుగులు, బజ్జీలు తెచ్చినాడు.
"బంతి పట్టేది ఆ ముసలాయనేనా?" అంది వన్నూరమ్మ.
ముప్పైతొమ్మిదేళ్లంట. వారమంతా కరెంటు పని చేసి
శనివారం గోలు కాస్తాడంట.
"అయితే మన కాపలాదారే" అన్నాడు ఓబులేసు.
ఆ రాత్రి గేటు దగ్గర
కొంచెం నిటారుగా నిలబడినా.

మే. పొద్దు మునిగినా రేకులు కాగుతానే ఉండాయి.
ఆఖరి ఆట. గెలిస్తే ఉంటారు.
ఒకటి ఒకటి. కరెంటు పోయింది. ఫోన్లో నాలుగు శాతం.
ఎనభైతొమ్మిదో నిమిషం, మనకు పెనాల్టీ అని వచ్చింది,
అంతలోనే తెర మీద చక్రం.
తిరిగింది. తిరిగింది.
యాడో సముద్రం పక్కన ఒక బంతి చుక్క మీద ఉంది,
గోతాల మీద మేం నలుగురం ఊపిరి బిగబట్టి ఉన్నాం.
తెర నల్లబడింది.

తెల్లారి తెలిసింది. ఒకటి ఒకటే.
"కిందికి దిగితే యాడికి పోతారు?" అంది వన్నూరమ్మ,
"ఆడే కదా ఉండేది. ఆ ఊరే, ఆ వానే."
చొక్కా ఉతికి గేటు మీద ఆరేసినా.
అయిదు అంకె తోక పెచ్చులూడింది.

జూన్లో విత్తనకాయల లైన్లో ఉంటే
బాబావలి బండి ఆపి ఫోన్ చూపించినాడు:
కొత్త ఆటల పట్టీ వచ్చింది.
నా ముందు ఇరవై మంది,
అందరి మెడలూ పడమటి మోడం దిక్కే.
"మొదటి ఆట ఎవురితో?" అన్నా.