అర అంగుళం

జూన్ మొదటివారం మా కొట్టుకు పండగ.
పేపర్ మిల్స్ రోడ్డు పొడుగునా బళ్లు తెరుస్తారు.
ఆయన మెడలో టేపు, నా ఒళ్లో పుస్తకం.
ఆయన కొలుస్తాడు, నేను రాస్తాను.
ఇరవై ఆరేళ్లుగా పెరంబూరు నడుములన్నీ
నా చేతిరాతలోనే ఉన్నాయి.

ఆ రోజు వరసలో యశ్విన్.
పదకొండేళ్లు. టేపు దగ్గరకు రాగానే
ఊపిరి బిగబట్టి పొట్టను లోపల దాచేశాడు.
"వదులు నాయనా" అన్నాడు ఈయన.
వదిలాడు.
"ముప్పై నాలుగూ!" అలవాటైన కేక.
వెనక పిల్లలు నవ్వారు.
వాళ్లమ్మ "తిండి దగ్గర అదుపు లేదండీ" అంది.
నవ్వుకు కాదు, ఆ మాటకు తల దించాడు వాడు.

రాత్రి షట్టర్ సగం దించి పాత పుస్తకాలు తీశాను,
అట్టలు ఊడినవి, బొద్దింకలు రుచి చూసినవి.
వాడి తాత దొరికాడు:
ఐసీఎఫ్‌లో వెల్డరు, ఇరవై తొమ్మిది అంగుళాలు,
పక్కన నా రాత, "సైకిలు తొక్కుతాడు, బాటమ్ సన్నంగా."
వాడి నాన్న దొరికాడు:
పెళ్లికి ముప్పై ఒకటి,
తర్వాత ముప్పై ఒకటిన్నర, ముప్పై రెండు,
ముప్పై రెండున్నర...
ఏడాదికి అర అంగుళం.
అర అంగుళాన్ని ఎవరు పట్టుకుంటారు?
బెల్టు పట్టుకోదు, ఇంకో కన్నం ఇస్తుంది.
నేనూ పట్టుకోలేదు,
కుట్టు విప్పి వదులు చేసి
ముప్పై రూపాయలు పుచ్చుకున్నాను.

తిండిపోతు అని ఒక్క మాటతో కత్తిరించేయొచ్చు.
కానీ ఆ ముప్పై నాలుగులో
ఎవరెవరున్నారో నాకు తెలుసు:
రాత్రి పదకొండుకు పెరుంగుడి నుంచి వచ్చి క్యాబ్ దిగే అమ్మ,
ఆమె వచ్చేదాకా నిద్రపోని పిల్లాడు,
ఆ మెలకువకు తోడు చిప్స్ పొట్లం;
రేషను వరసలో "బియ్యం అయిపోయాయి" అని
ఒకప్పుడు విన్న నాన్నమ్మ,
"ఇంకొక్క ముద్ద" అనడమే ఆమెకు తెలిసిన ముద్దు;
అమ్మమ్మ వైపు నుంచి దిగొచ్చిన ఒంటి తీరు,
లిఫ్టు, ట్యూషను,
నాలుగున్నరకే తాళం పడే బడి గ్రౌండు.
ఇంతమందిని మోస్తూ
తల దించుకున్నది మాత్రం వాడొక్కడే.

నా సంగతీ చెప్పాలి.
ఆషాఢంలో మోకాళ్లు చూపించుకోబోతే
పెరియార్ నగర్ డాక్టరమ్మ
నా నడుముకు టేపు చుట్టింది.
మా టేపే, అదే పసుపు.
ఊపిరి బిగబట్టాను, నేనూ!
ఆమె అంకె పైకి చదవలేదు.
చీటీ మీద రాసి నా వైపు తిప్పింది.
"ఏం తింటావు" తర్వాత అడిగింది,
ముందు అడిగింది
"రోజుకు ఎంతసేపు కూర్చుంటావమ్మా" అని.
ఇరవై ఆరేళ్లు అనబోయి ఆగాను.

ఇప్పుడు మా కొట్టులో అంకెలు కేకలేయవు.
ఆయన నా అరచేతిలో వేలితో రాస్తాడు.
ఈ వయసులో చక్కిలిగింత!
గుండీల డబ్బాను కావాలనే మేడ మీద పెట్టాను,
మోకాళ్లు మొదటి వారం తిట్టాయి,
రెండో వారం గొణిగాయి.
టీలో రెండో చెంచా చక్కెర మాత్రం
ఇంకా కలలోకి వస్తుంది.

సెలవు రోజున యశ్విన్ అమ్మ వస్తే
వాడి తాత పేజీ తెరిచి పెట్టాను.
ఏమీ చెప్పలేదు నేను.
ఆమె ఆ "సైకిలు" అనే మాట మీద
చాలాసేపు వేలు ఉంచింది.
తర్వాత విన్నాను, ఇంకో ముగ్గురు తల్లులతో వెళ్లి
హెడ్మాస్టరు గదిలో కూర్చుందట,
గ్రౌండు తాళం ఆరింటిదాకా వేయమని మాటిచ్చేదాకా
లేవలేదట.

దసరా సెలవుల ముందు వాడొచ్చాడు,
ప్యాంటు చంకలో చుట్టుకుని.
ఈయన టేపు అందుకోబోతే
"నడుము అంతే ఉంది అంకుల్,
మోకాలు చిరిగింది" అన్నాడు.
చూశాను: ఎర్రమట్టి, గడ్డి మరక,
పడి లేచినంత వెడల్పు చిరుగు.

పుస్తకంలో ఏం రాయాలో తోచలేదు.
అతుకు వేసి ఇచ్చాను.
డబ్బులు తీసుకోలేదు.