మూడో సిలిండరు

చల్లగా ఉంటే నాలుగూ పలుకుతాయి.
వేడెక్కితే మూడోది మూగబోతుంది.

"ఇంజెక్టర్లు నాలుగూ మార్చాలన్నారు సీకాకుళంలో.
బండి కన్నా బిల్లు పెద్దది," అన్నాడు ఢిల్లేశు.
వెనక సీట్లో డయాలసిస్ ఫైళ్లు, ఎవరిదో ఒంటి చెప్పు.

మీటరు పెట్టాను. కాయిల్ అర ఓమ్ లోపే,
నాలుగిటికీ ఒకటే లెక్క.
మూడోదాన్ని రెండో గదిలోకి, రెండోదాన్ని మూడో గదిలోకి మార్చాను.
జబ్బు మాత్రం చోటు మారలేదు.

తవిటయ్య మేస్త్రి అనేవాడు,
"పార్టుని తిట్టకే గుంటా, ముందు దాని తీగనడుగు."

పలాస మధ్యాహ్నం. పైన రేకు, ఎదురుగా టర్బో.
ఇంజిన్ నడుస్తుండగానే
ఎండు వెదురుపుల్లతో తీగల కట్టను
అంగుళం అంగుళం కదుపుతూ పోయాను.
ఒకచోట దగ్గింది.
మళ్లీ కదిపాను.
మళ్లీ దగ్గింది.

పైన నల్ల తొడుగు నున్నగానే ఉంది.
కోసి చూస్తే లోపల
పదహారేళ్ల సెగకి పెళుసెక్కిన రాగి,
ఒకే ఒక్క పోగు మీద వేలాడుతూ.

జానెడు కొత్త తీగ, కాస్త టంకం.
దారి మళ్లించి, టర్బోకి ఎడంగా కట్టాను.

"ఎంత?"
"రెండొందల యాభై."
నమ్మలేదు. వేడెక్కేదాకా కదల్లేదు.
నాకూ నమ్మకం చాల్లేదు గాని, పైకి చెప్పలేదు.

ఇరవై నిమిషాలయ్యాక కవిటి నుంచి ఫోను:
"బావూ, రేపు నాది మూడో షిఫ్టంట. వొస్తావు కదా?"

ఢిల్లేశు ఏమీ అనలేదు.
ఫోను బానెట్ కిందకి వంచి
ఇంజిన్ని వినిపించాడు.